క్నూస్ట్ పుట్టిన పొయ్యి

బ్రెడ్డు చివరి గట్టి ముక్కకు ‘క్నూస్ట్’ అనే పేరు ఎక్కడ పుట్టిందో తమ ప్రభుత్వం కనిపెట్టేసిందని సంస్కృతి మంత్రి హిన్నర్క్ బ్రామర్ గారు ప్రకటించారు. ఓస్టర్‌హోర్స్ట్ గ్రామంలో, వీబ్కె టీట్యెన్ బేకరీలో, సరిగ్గా ఆ పొయ్యి దగ్గరేనట.

వీబ్కె ఉబ్బితబ్బిబ్బయింది. పొగగొట్టం బాగుచేసుకోనివ్వమని మూడేళ్ళుగా దరఖాస్తులు పెడుతోంది. సాక్షాత్తూ మంత్రే గుమ్మంలోకి వస్తే ఇక అడ్డేముంటుంది?

మంత్రిగారు భాషాపండితుడు డాక్టర్ ఫోకెన్‌ను వెంటబెట్టుకుని వేంచేశారు.

“ఈ మాట మీ ఇంట్లో ఎన్నాళ్ళ నుంచి ఉందమ్మా?”

“మా అమ్మమ్మ అనేదండీ. ఆవిడకి ముందు ఎవరన్నారో మేం రాసుకోలేదు.”

“రాసుకోలేదు! విన్నారా డాక్టర్? అంత పాతదన్నమాట!”

డాక్టర్ నసిగాడు. “డచ్చివాళ్ళు చెక్కలోని ముడిని ఇలాంటి మాటతోనే పిలుస్తారు. మూలం అదే కావచ్చు. బవేరియాలో ఇదే ముక్కని షెర్ట్సెల్ అంటారు. ఒక్క పొయ్యి దగ్గర పుట్టిందంటే...”

“డచ్చివాళ్ళు ఇక్కడికొచ్చి బ్రెడ్డు తినలేదని రుజువుందా మీ దగ్గర?”

లేదు. కనుక శాస్త్రం ఒప్పుకుంది.

వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. పొయ్యి ఇకపై రక్షిత కట్టడం. నిప్పు రాజేయరాదు, మసి తుడవరాదు. వీబ్కె పిండి చేతులతోనే ఆఫీసుకు పరిగెత్తింది.

“అభినందనలు మేడమ్!” అన్నాడు అధికారి.

“మరి నేను బ్రెడ్డెక్కడ కాల్చనూ?”

“మీ పొయ్యిలో ఇప్పుడు చరిత్ర ఉంది కదండీ.”

నాలుగు తరాల నిప్పు ఆరిపోయింది. పొయ్యి పక్కన కొత్తగా పెట్టిన శిలాఫలకం ముందు వీబ్కె వెక్కివెక్కి ఏడ్చింది. అవి ఆనందబాష్పాలని పత్రికలు రాశాయి.

ప్రారంభోత్సవంలో మంత్రిగారు క్నూస్ట్ కొరకాలి. ఊళ్ళో బ్రెడ్డు లేదు కనుక సహాయకుడు పట్నం నుంచి ముక్కలుగా కోసిన బ్రెడ్డు ప్యాకెట్ తెచ్చాడు.

“ఇందులో క్నూస్ట్ ఏదయ్యా?”

“ఫ్యాక్టరీవాళ్ళు చివర్లు కోసి పారేస్తారండీ.”

మంత్రిగారు నిబ్బరం కోల్పోలేదు. నడిమి ముక్కే కొరికి, కళ్ళు మూసుకుని, “ఆహా, అదే రుచి!” అన్నారు. చప్పట్లు మోగాయి. ఆ ఊపులోనే, ఈ మాట బాల్యం గడిపిన ఊరు పక్కనున్న జ్యూడర్‌బెక్ అని, రేపే అక్కడికి బయల్దేరుతున్నానని ప్రకటించారు.

వీబ్కె జనంలోంచి బయటపడి, జ్యూడర్‌బెక్‌లో బేకరీ నడిపే హార్మ్‌కు ఫోన్ చేసింది.

“హార్మ్, రేపు మంత్రిగారు మీ కొట్టుకొస్తారు. బ్రెడ్డు చివరి ముక్కని ఏమంటావని అడుగుతారు.”

“ఏమంటానేంటి? పుట్టినప్పట్నుంచీ క్నూస్ట్ అనే కదా అంటున్నా!”

“నీకు దణ్ణం పెడతా. ఉత్త ‘ముక్క’ అను.”