పన్నెండు కుర్చీల నోటిఫికేషన్

ఈస్టర్‌కు ముందు వచ్చే తపస్సు కాలంలో నాలుగో ఆదివారం పూజ ముగియగానే ఇన్నయ్య గారు మైకు ముందుకు వచ్చి, దాన్ని రెండుసార్లు ఊది, ఒక చారిత్రక ప్రకటన చేశారు.

"పవిత్ర గురువారం నాడు పాదాలు కడిగించుకోవడానికి మన విచారణ చర్చి సభ్యులందరిలోకెల్లా అత్యంత వినయం గల పన్నెండు మందిని, పూర్తి పారదర్శకంగా, రాత పరీక్ష ద్వారా ఎంపిక చేయడం జరుగుతుంది. సిఫార్సులు చెల్లవు."

చర్చి చప్పట్లతో మారుమోగింది. వినయంలో చిక్కడపల్లి దేశానికే దారి చూపబోతోందని బెంచీల మీదున్న అందరికీ ఒకేసారి అర్థమైంది.

ఇన్నయ్య గారు సచివాలయంలో ముప్పై నాలుగేళ్ళు పనిచేసి, సెక్షన్ ఆఫీసరుగా రిటైరై, అశోక్ నగర్‌లో స్థిరపడిన మనిషి. దేవుడి మీద ఆయనకు భక్తి, జీవో మీద నమ్మకం. ప్రభువు తన శిష్యుల పాదాలు కడిగినందుకు గుర్తుగా ఏటా ఆ గురువారం సాయంత్రం ఫాదర్ పన్నెండు మంది పాదాలు కడగడం ఆనవాయితీ. ఈ చర్చిలో ఇరవై రెండేళ్ళుగా ఆ పన్నెండు మందీ వాళ్ళే. మొదటిది శిష్యుల్లో పెద్దవాడైన పేతురు కుర్చీ, అది ఇన్నయ్య గారిది. పన్నెండోది ప్రభువును పట్టించిన యూదా కుర్చీ కనుక దాన్ని అప్పట్లో ఊరికి కొత్తగా బదిలీ అయి వచ్చిన ఒకాయనకు గౌరవపూర్వకంగా ఇచ్చేశారు.

ఇంత సవ్యంగా నడుస్తున్న వ్యవస్థలోకి ఫాదర్ చిన్నప్ప వచ్చారు. ముప్పై అయిదేళ్ళుంటాయి. వచ్చిన నెలకే, ఈసారి ఎవరైనా కూర్చోవచ్చు, ఆడవాళ్ళు కూడా, అన్నారు.

"ఇరవై రెండేండ్ల సంప్రదాయం ఫాదర్. గట్లెట్ల మారుస్తం?" అని ఇన్నయ్య గారు అడిగారు.

"సంప్రదాయం రెండు వేల ఏండ్లది ఇన్నయ్య గారూ. ఇరవై రెండేండ్లది మీ కుర్చీ."

"ఆడోళ్ళను కూసోబెడితే రోమ్ ఏమంటది?"

"రోమ్ ఎప్పుడో ఒప్పుకున్నది. మనకే తెల్వలే."

"అయినా ఎవరంటే వాళ్ళు కూసుంటే ఎట్ల? ఒక రూల్ ఉండొద్దా?"

"ఉండాల్నంటే మీరే ఒకటి పెట్టుండ్రి" అని నవ్వి, ఫాదర్ స్కూటర్ స్టార్ట్ చేసుకుని ఎవరో రోగిని చూడటానికి వెళ్ళిపోయారు.

ఆ నవ్వును ఇన్నయ్య గారు లిఖితపూర్వక ఆమోదంగా స్వీకరించారు.

మైకులో ప్రకటించిన మర్నాడే దరఖాస్తు ఫారం తయారైంది. మూడో కాలమ్‌లో 'మీరు వినయస్థులా? అవును / కాదు' అని ఉంది. అవును అన్నవాళ్ళు గర్విష్ఠులు కనుక అనర్హులు. కాదు అన్నవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే ఒప్పుకున్నారు కనుక అనర్హులు. రెండు రోజుల చర్చ తర్వాత 'ఇతరులు అంటుంటారు' అనే మూడో వీలు కల్పించారు. వచ్చిన నూట నలభై దరఖాస్తుల్లో నూట ముప్పై ఎనిమిది మంది దానికే టిక్ పెట్టారు.

మిగిలిన రెంటిలో ఒకటి రోజూ చర్చి ఊడ్చే కురుమమ్మది. ఆమె టిక్కే పెట్టలేదు. రెండోది ఇన్నయ్య గారి భార్య రాజకుమారిది, అదీ ఖాళీయే. ఆడవాళ్ళ సంఖ్య తక్కువైందని ఆయనే ఆమె చేత రాయించారు.

"ఏంది గిది? నాకెందుకు?" అందామె.

"ప్రాతినిధ్యం కోసం. ఊకె కూసొని రా."

అశోక్ నగర్‌లో పరీక్ష అన్న మాట వినబడితే కోచింగ్ దానంతటదే మొలుస్తుంది. గ్రూప్ పరీక్షలకు తర్ఫీదిచ్చే ఉదయ్ కుమార్ జన్మలో చర్చి గడప తొక్కలేదు, కానీ మూడో రోజుకల్లా 'వినయం - పది రోజుల క్రాష్ కోర్సు' అని ఫ్లెక్సీ కట్టాడు. "సబ్జెక్ట్ మనకెందుకు సార్, ప్యాటర్న్ తెలిస్తే చాలు" అని అతడు చెప్పిన మాటకు ఇన్నయ్య గారు కూడా ముగ్ధులయ్యారు.

పరీక్ష పవిత్ర గురువారానికి ముందు ఆదివారం పొద్దున జరిగింది. ప్రశ్నపత్రం తయారుచేసింది ఇన్నయ్య గారే. తానూ అభ్యర్థే కనుక, పక్షపాతం అనే మాట రాకూడదని ఆయన వేరే గదిలో కూర్చుని రాశారు.

'ఎవరైనా నిన్ను వినయస్థుడవని పొగిడినప్పుడు నీవు: (అ) ఒప్పుకుందువు (ఆ) ఖండింతువు (ఇ) ఒకసారి ఖండించి రెండోసారికి ఒప్పుకుందువు (ఈ) పొగిడినవారి పేరు రాసుకుందువు.' సరైన జవాబు (ఇ).

పదిహేడో ప్రశ్న దగ్గర గొడవ మొదలైంది. పూజలో ఫాదర్ అందించే సత్ప్రసాదం ఎలా తీసుకోవడం వినయం? మోకరించి నాలుక మీదనా, నిలబడి చేతిలోనా? ఇన్నయ్య గారు మోకాళ్ళ వర్గం. కీలో అదే వచ్చింది. నిలబడే వర్గం నలభై ఒక్క అభ్యంతరాలు దాఖలు చేసింది. "మోకాళ్ళ మీద ఉన్నోడు పక్కోణ్ణి ఓరకంట చూస్తడు, అది వినయమా?" అని వాళ్ళు. "నిలవడ్డోడు అందరికీ కనవడాల్ననే నిలవడతడు" అని వీళ్ళు. చివరికి ఆ మార్కు అందరికీ కలిపారు. అవతలి వాళ్ళకు కూడా మార్కు రావడం వినయానికే అవమానమని రెండు వర్గాలూ వేర్వేరుగా వినతిపత్రాలు ఇచ్చాయి.

ఫలితాలు నోటీసు బోర్డు మీద పెట్టారు. ఇన్నయ్య గారికి మొదటి ర్యాంకు. మిగతా పదకొండు మందీ కూడా పాతవాళ్ళే కావడంతో, ప్రతిభకూ సంప్రదాయానికీ వైరం లేదని తేలిపోయింది. రాజకుమారికి నాలుగు మార్కులు వచ్చాయి. పొయ్యి మీద పప్పు పెట్టి వచ్చానని ఆమె పావుగంటలో లేచి వెళ్ళింది. కురుమమ్మ పేరు మాత్రం రాసి, అందరూ లేచాక గది ఊడ్చింది.

గురువారం సాయంత్రం చర్చి కిటకిటలాడింది. పన్నెండు మంది విజేతలు తెల్లని లాల్చీల్లో, హిమాయత్‌నగర్‌లో పెడిక్యూర్ చేయించుకున్న పాదాలతో, కుర్చీల వైపు కదిలారు.

"ఆగుండ్రి" అన్నారు ఫాదర్. "కుర్చీలు మీకు కాదు."

ఆయన జేబులోంచి మార్కుల జాబితా తీసి, కింది నుంచి పన్నెండు పేర్లు చదివారు. కురుమమ్మ, రాజకుమారి, ఇంకా పది మంది బిక్కుబిక్కుమంటూ వచ్చి కూర్చున్నారు. అప్పుడు ఫాదర్ తువ్వాలు తీసి ఇన్నయ్య గారి చేతిలో పెట్టారు.

"ప్రభువు కూసోలే, కడిగిండు. వినయంల ఫస్టు వచ్చినోళ్ళు మీరే గదా. కడుగుండ్రి."

ఇన్నయ్య గారు తువ్వాలును చూశారు, బకెట్‌ను చూశారు, మిగతా పదకొండు మందిని చూశారు. ముప్పై నాలుగేళ్ళ అనుభవం ఆయన్ని ఒంటరిగా వదల్లేదు.

"ఫాదర్, ప్రభువు చేసిన గంత గొప్ప పని చేసేటందుకు మాకేం అర్హత ఉన్నది? మేం చాలా చిన్నోళ్ళం. మాతోని కాదు."

"కాదు, కాదు" అని పదకొండు మందీ తలలు వంచారు.

అంతటి వినయాన్ని చూసి జనం చప్పట్లు కొట్టారు. కొందరు కళ్ళు తుడుచుకున్నారు. ఫాదర్ తువ్వాలు వెనక్కి తీసుకుని, నడుముకు చుట్టుకుని, మోకాళ్ళ మీద కూర్చున్నారు.

కురుమమ్మ చక్కిలిగింతలకు పకపకా నవ్వింది. చర్చిలో నవ్వకూడదన్న రూలు ఏ పుస్తకంలో ఉందో ఇన్నయ్య గారికి ఆ క్షణాన గుర్తుకు రాలేదు. తర్వాత రాజకుమారి వంతు. ఆమె పాదాల మీద నీళ్ళు పడుతున్నప్పుడు ఆయన పక్కనే నిలబడి ఉన్నారు. మడమల మీద పగుళ్ళు కనిపించాయి, లోతుగా, నల్లగా. పెళ్ళయి ముప్పై ఆరేళ్ళు. అవి ఎప్పుడు వచ్చాయో ఆయనకు తెలియదు.

ఇంటికి నడుస్తూ అడిగారు. "ఎట్లుండె?"

"నీళ్ళు సల్లగుండె." కొంచెం దూరం వెళ్ళాక ఆమే మళ్ళీ అంది, "ఫాదర్ తల వంచిండు గదా, నడినెత్తి మీద జుట్టు పల్చగైంది. పాపం, గింత చిన్న వయసుల."

ఇరవై రెండేళ్ళు ఆ కుర్చీలో కూర్చున్నా, తన ముందు వంగిన తలను ఒక్కసారైనా చూసినట్టు ఇన్నయ్య గారికి జ్ఞాపకం లేదు. ఆయన ఎప్పుడూ ఫొటోగ్రాఫర్ వైపు చూసేవారు. ఆ సంగతి మనసులో కొద్దిగా కలుక్కుమంది.

శనివారం పేపర్లో 'పాదాలు కడిగే గౌరవాన్ని వినయంతో కాదన్న పన్నెండు మంది' అని ఫొటోతో వచ్చాక ఆ బాధ తగ్గింది.

కానీ పూర్తిగా పోలేదు. ఈస్టర్ మర్నాడు, సోమవారం పొద్దున్నే, ఆయన ఉదయ్ కుమార్ కోచింగ్ సెంటర్ మెట్లెక్కారు.

"ఉదయ్, వచ్చే ఏడు గూడ కింది నుంచే పిలుస్తరట. ఫెయిల్ కావాల్నంటే ఎన్ని నెలలు చదవాలె?"

ఉదయ్ కుమార్ ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. "ఎన్ని మార్కులకు ఫెయిల్ కావాలె సార్?"

"మా ఆమెకు నాలుగొచ్చినయి. నాకు మూడొస్తె చాలు."

"జర లేట్ చేసిన్రు సార్. మీ పదకొండు మంది నిన్ననే జాయినైన్రు. బ్యాచ్ నిండింది." రిజిస్టర్ తిప్పి, ఆలోచించి, అన్నాడు. "ఆఖరి బెంచీల ఒక్క సీటున్నది. సర్దుకుంటరా?"

ఇన్నయ్య గారు గది లోపలికి తొంగి చూశారు. పదకొండు మందీ శ్రద్ధగా నోట్సు రాసుకుంటున్నారు.

"ముందట ఏమన్న దొరుకుతదా?" అని అడిగారు.