ఓ సైజు పెద్ద డిస్కు

పది గంటలకి కొత్త హార్డ్ డిస్కు బిగించాలి, పదకొండుకి యజమాని ముందు సీసాలు నింపే లైను నడిపించాలి, పన్నెండుకి పర్మనెంటు కాగితం పుచ్చుకోవాలి. షాంపూ ఫ్యాక్టరీలో అందరూ కరెంటక్క అని పిలిచే ఆవిడ ఆ పొద్దున వేసుకున్న లెక్క ఇదీ. ఆరేళ్లుగా ఆవిడ తాత్కాలికం. ఆ మాట కనిపెట్టిన మనిషెవడో గానీ, ఆరేళ్లు తాత్కాలికంగా అన్నం తిని ఉండడు.

"కొనేవాళ్లని వెంటబెట్టుకొస్తున్నారు యజమాని. ఒక్క చుక్క కింద పడిందా, నీ కాగితం చించేస్తా" అని మేనేజరు చెప్పి వెళ్లాడు.

సీసాలు నింపే ఆ కంప్యూటరుది క్షణాల మీద నడిచే పని. సీసా రాగానే కుళాయి తెరుస్తుంది. నిండగానే బరువు డిస్కులో రాసుకుని, ఆ తర్వాతే మూస్తుంది. రాయడం ఆలస్యమైతే షాంపూ నేలపాలే. పాత డిస్కు నిన్న చచ్చింది. కొత్తది తెచ్చింది ఆవిడ అక్క మొగుడు, అక్కడే స్టోరు కీపరు. బిగించి స్విచ్చి వేస్తే, కంప్యూటరు అసలు డిస్కే లేదు పొమ్మంది.

"బావా, చిట్టీలో నలభై జీబీ అని రాశాను. అయిదొందలది తెచ్చావేంటి?"

"అదే ధరకిచ్చాడు మరదలా! పిల్లల చెప్పులైనా, మీ అక్క గిన్నెలైనా నేను ఓ సైజు పెద్దదే కొంటాను. రేపు పెరగరూ?"

"గిన్నె పెరుగుతుందా?"

"ఏమో, ఇంట్లో ఇంతవరకూ ఎవరూ అడగలేదు."

ఈ ముసలి బోర్డుకి అంత పెద్ద డిస్కు కంటికి ఆనదు. కరెంటక్క పళ్లు నూరుకుంటూ డిస్కు వెనక రెండు పిన్నులకి చిన్న తొడుగు పెట్టింది. దాంతో అది తన సైజు తగ్గించి చెప్పుకుంది. కంప్యూటరు నమ్మింది. ప్రోగ్రాం ఎక్కించి, సీసాలు పేర్చి మీట నొక్కారు.

మొదటి సీసా నిండింది. కుళాయి మూసుకోలేదు. బక్కెట్టెడు షాంపూ కారాక ఆవిడ ఎర్ర బటను గుద్దింది. నేల తుడిచి, కుళాయి విప్పి బిగించి మళ్లీ నొక్కింది. మళ్లీ అదే వరద. మూడోసారీ అంతే.

"నువ్వు పక్కకి తప్పుకో, నేను కడిగేస్తా" అని బావ గొట్టం పట్టుకొచ్చి నీళ్లు కొట్టాడు.

"వద్దు బావా, నీళ్లొద్దు!"

అప్పటికే నురుగు మోకాళ్లు దాటింది. బావ కంగారుపడి దాన్ని కడగడానికి ఇంకా నీళ్లు కొట్టాడు. నడుం దాకా లేచింది.

ఆ నురుగులోనే ఆవిడ వంగి డిస్కుకి చెవి ఆనించింది. చప్పుడు లేదు. "ఇది చావలేదు బావా, పడుకుంది! ఇది ఇళ్లలో వాడే డిస్కు. కాసేపు పని చెప్పకపోతే కరెంటు ఆదా అని నిద్రపోతుంది. లేవడానికి పది సెకన్లు. మనం తుడుస్తున్నంతసేపూ ఇది గుర్రు పెడుతోంది!"

"ఆపకుండా నడిపితేనో?"

"రెండో సీసా నుంచీ బాగానే ఉండేది. మనమే ఆపాం!"

సరిగ్గా అప్పుడే తలుపు తెరుచుకుంది. యజమాని, వెనక ముగ్గురు కొనేవాళ్లు, వాళ్ల వెనక మేనేజరు.

"ఇదేంటయ్యా?" అన్నాడు యజమాని.

"అంతా ఆవిడే సార్! ఆవిడొక్కతే చేసింది. నాకేం తెలీదు" అని మేనేజరు వేలు చూపించాడు.

కొనేవాళ్లలో పెద్దావిడ చారెడు నురుగు తీసి వేళ్ల మధ్య నలిపింది. "ఎంత షాంపూకి ఇంత వచ్చింది?"

"మూడు బక్కెట్లేనండీ" అన్నాడు బావ గొట్టం వెనక దాచుకుంటూ.

"మూడేనా! మాకు చూపించినవాళ్లెవరికీ ఇందులో సగం నురుగు రాలేదు. నెలకి అనుకున్నదానికి రెట్టింపు పంపండి."

రెట్టింపంటే లైను రాత్రింబవళ్లు ఆగకూడదు. ఆగకపోతే డిస్కుకి కన్ను మూతపడదు. కరెంటక్క ఆ ముక్క పైకి అనలేదు. యజమాని మేనేజరు వైపు తిరిగాడు.

"ఆవిడొక్కతే చేసిందన్నావు కదూ? నీకేం సంబంధం లేదు కదూ?"

మేనేజరు నోరు తెరిచాడు. ఎగిరొచ్చిన నురుగు లోపలికి వెళ్లింది.

ఆరేళ్లు ఒక్క చుక్క కింద పడనివ్వనందుకు రాని పర్మనెంటు ఉద్యోగం, మూడు బక్కెట్లు పారబోసినందుకు పన్నెండింటికల్లా వచ్చింది.