గింబల్ గ్రూపులో ఖాళీ ఉంది

వస్తువుల్ని ఒంటరిగా కొనుక్కునే వాళ్ళని చూస్తే నాకు జాలి. షాపుకి వెళ్తారు, కావలసింది చూపిస్తారు, డబ్బు కడతారు, సంచీలో వేసుకుని వచ్చేస్తారు. అరగంటలో అంతా అయిపోతుంది. చివరికి ఏం మిగిలింది? వస్తువు మిగిలింది! ఇంతకన్నా దిక్కుమాలిన ముగింపు ఉంటుందా?

అదే వస్తువుని గ్రూపుగా కొనండి. పదకొండు నెలలు మీకు ఊపిరాడదు. ముక్కూ మొహం తెలియని వాళ్ళు మీకు పొద్దున్నే శుభోదయం చెబుతారు. సాయంత్రానికి మీ తెలివిని అనుమానిస్తారు. వస్తువు ఇంటికి రాదు గనుక పాడవదు, పోదు, పక్కింటివాడు అరువడగడు. నాగరికత అంటే ఇదీ!

నేను ముప్ఫై ఏళ్ళు వార్తలు రాసినవాణ్ణి. కళ్ళతో చూడనిది రాయడం అలవాటు లేదు. కాబట్టి చూసిందే చెబుతాను.

మా వీధి చివర వీడియో బాబాయి ఉన్నాడు. పెళ్ళిళ్ళకీ, స్కూలు వార్షికోత్సవాలకీ, షాపుల ప్రారంభోత్సవాలకీ ముప్ఫై రెండేళ్ళుగా వీడియోలు తీస్తున్నాడు. పోయిన ఏడాది ఒక పెళ్ళివారు వీడియో పట్టుకుని ఆయన ఇంటికి వచ్చారు.

"పెళ్ళికూతురు కుర్చీలో కూర్చున్నట్టు లేదండీ. బస్సులో కూర్చున్నట్టుంది" అన్నారు.

"కెమెరా పాతదైపోయిందండీ" అన్నాడు బాబాయి, కుడి చెయ్యి జేబులో పెట్టుకుని. ఆ చెయ్యి వణకడం మొదలై అప్పటికి మూడు నెలలు. ఆ సంగతి ఆయనకీ, ఆయన కాఫీ కప్పుకీ తప్ప ఎవరికీ తెలియదు.

ఆ నెలలోనే ఆయనకి మనవరాలు పుట్టింది. కూతురూ అల్లుడూ మేడ మీద వాటాలోనే ఉంటారు. పిల్లని చూసి బాబాయి ఒక మాట అన్నాడు. "దీని మొదటి అడుగు నేను తీస్తాను. పక్కనే నడుస్తూ తీస్తాను. ఒక్క కుదుపు ఉండదు."

ఆ మాట వెనక ముప్ఫై ఏళ్ళ బాకీ ఉంది. కూతురు మొదటి అడుగు వేసిన రోజున ఆయన వేరే ఊళ్ళో, వేరెవరి పెళ్ళిలోనో, వేరెవరి కూతురో నడిచి వస్తుంటే వీడియో తీస్తున్నాడు. పిన్ని ఈ సంగతి ఏడాదికి రెండుసార్లు గుర్తు చేస్తుంది. ఆవిడ గొంతు పెంచదు. అదే ఇబ్బంది.

కుదుపు ఉండకూడదంటే గింబల్ కావాలి. తెలియని వాళ్ళకి చెబుతాను: అది కెమెరాని బిగించుకునే పిడి. లోపల మూడు చిన్న మోటార్లుంటాయి. చెయ్యి ఎటు వణికితే అవి కెమెరాని దానికి ఎదురు తిప్పుతాయి. మనిషి ఊగినా బొమ్మ ఊగదు.

బాబాయి ఆ మర్నాడే షాపుకి వెళ్ళి కొనుక్కోవచ్చు. వెళ్ళాడు కూడా. "చేత్తో పట్టుకుని చూడండి సార్" అన్నాడు షాపువాడు. నలుగురు చూస్తుండగా ఆ చెయ్యి బయట పెట్టడం ఇష్టం లేక, ఫోనొచ్చినట్టు నటించి బయటికి వచ్చేశాడు. ఆ బయట మెట్ల మీదే ఆయనకి స్టూడియో అడ్మిన్ కనిపించాడు.

స్టూడియో అడ్మిన్‌కి స్టూడియో ఉంది, అంతకన్నా ముఖ్యంగా గ్రూపు ఉంది. పన్నెండు మంది కలిసి ఒకే మోడల్ తీసుకుంటే డీలరు సగం ధరకి ఇస్తాడు. షరతు ఒక్కటే: పన్నెండు మందీ ఒకే మాట మీదికి రావాలి. బాబాయితో కలిపి పదకొండు మంది అయ్యారు. పన్నెండో వాడి కోసం ఆయన మా ఇంటికి వచ్చాడు.

"నాకు కెమెరా లేదు బాబాయ్" అన్నాను.

"ఓటుంది కదా రిపోర్టరూ. నేనెటు వేస్తే నువ్వూ అటే వెయ్యి. వచ్చాక నీది కూడా నేనే తీసుకుంటాను."

చేరాను. అప్పటికి పిల్లకి రెండు నెలలు.

"ఒక్క పిడి కొనడానికి పన్నెండు బుర్రలా?" అంది పిన్ని.

"పన్నెండు బుర్రలు కలిస్తే తప్పు జరగదే!"

నిజమే. పదకొండు నెలల్లో ఒక్క తప్పూ జరగలేదు. అసలేదైనా జరిగితే కదా!

మొదటి పోల్‌లో అయిదు మోడల్స్ నిలబడ్డాయి. పన్నెండు మందిమి పదమూడు ఓట్లు వేశాం. ఒకాయన తన భార్య ఫోన్లోంచి కూడా వేశాడని తేలడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజుల్లో మనవరాలు బోర్లా పడింది.

అయిదు మోడల్స్ మూడయ్యాయి. అప్పుడు పళ్ళ డాక్టరు లేచాడు. ఆయన ఆదివారాలు పిట్టల్ని ఫొటో తీస్తాడు. మిగతా రోజులు నోళ్ళు తెరిపిస్తాడు గనుక గ్రూపులో ఎవరి నోరూ మూయనివ్వడు.

"రెండో మోడల్ సున్నాకి పది డిగ్రీల కింద పనిచెయ్యదట. చూసుకున్నారా?" అని పెట్టాడు.

"మన ఊళ్ళో అంత చలి ఎప్పుడు పెట్టింది డాక్టరుగారూ?" అని బాబాయి అడిగాడు.

"పెడితే?"

ఈ ప్రశ్నకి జవాబు ఎవరి దగ్గర ఉంది చెప్పండి? రెండో మోడల్ పోయింది. పిల్ల కూర్చోవడం నేర్చింది.

మిగిలిన రెంటిలో ఒకటి ఖాయం చేద్దామనుకునేసరికి, ఆ రెంటికీ కంపెనీవాళ్ళు కొత్త రకాలు దించారు. రెండు మళ్ళీ నాలుగయ్యాయి. నలుపు రంగా, బూడిద రంగా అన్నదానికి వేరే గ్రూపు పెట్టాం. శుభోదయాల మధ్య అసలు విషయం దొరకడం లేదని ఒకాయన గొడవ చేస్తే, 'గింబల్ మాత్రమే' అని మూడో గ్రూపు పెట్టాం. అందులో మొదటి సందేశం: 'అందరికీ శుభోదయం.'

పిల్ల పాకుతోంది. బాబాయి ఆ రోజు గ్రూపులో మొదటిసారి బతిమాలాడు. "అయ్యా, మనవరాలు నిలబడేలోగా ఏదో ఒకటి తేల్చండి. నాకు ఏ రంగైనా ఫరవాలేదు."

'ఏదో ఒకటి' అన్న మాట గ్రూపుని నొప్పించింది. ఏదో ఒకటి కొనడానికా మనం ఆరు నెలలు కష్టపడ్డది? బాబాయి క్షమాపణ చెప్పుకున్నాడు.

డ్రిల్లు మాస్టారు దీన్ని చక్కదిద్దాడు. ఆయన ఇరవై ఏళ్ళు స్కూలు పిల్లలకి కవాతు నేర్పినవాడు. ఆయన వాదన ఇది: గింబల్ చేతి వణుకుని ఆపుతుంది గానీ కాలి కుదుపుని ఆపదు. నడక రానివాడికి ఏ మోడల్ ఇచ్చినా దండగే. కాబట్టి ముందు నడక, తర్వాత మోడల్. మోకాళ్ళు వంచాలి. మడమ ముందు ఆనించి, మెల్లిగా మునివేళ్ళ దాకా దించాలి. చేతుల్లో గింబల్ బదులు అంతే బరువున్న వస్తువు. మూత తీసిన కుక్కర్లో సగం దాకా నీళ్ళు పోస్తే బరువు సరిగ్గా సరిపోతుందని ఆయన తూచి చెప్పాడు. ప్రతి ఆదివారం ఒక నిమిషం నడిచి, వీడియో గ్రూపులో పెట్టాలి. పదికి మార్కులు. అందరికీ తొమ్మిది వచ్చిన రోజున ఓటింగు.

ఇందులో ఎవరికైనా లోపం కనిపిస్తోందా? నాకూ కనిపించలేదు. 'అమోఘం' అని బొటనవేలు పెట్టాను.

ఆ రోజు నుంచి పొద్దునా సాయంత్రం గ్రూపువాళ్ళ హాళ్ళల్లోకి తొంగి చూడగలిగితే, నిజంగా కుక్కర్ పట్టుకుని నడిచింది ఒక్క బాబాయేనని మీకు తెలిసేది. మిగతా వాళ్ళం ఎప్పుడో తీసిన వీడియోనే చొక్కా రంగు మార్చి పెట్టేవాళ్ళం. నాకు కుక్కర్ కూడా లేదు. బాబాయి మాత్రం హాల్లో గోడ నుంచి గోడకి బాతులా నడిచేవాడు. ఆయన వెనకే మనవరాలు పాకేది. నేల మీద పడ్డ నీళ్ళ చుక్కల్ని అరచేత్తో తుడుస్తూ పాకేది.

"కుక్కరివ్వండి, పొయ్యి మీద పెట్టాలి" అనేది పిన్ని.

"ఇంకో రెండు రౌండ్లు."

"ఆ పిల్ల మిమ్మల్నే చూస్తోంది. చూసుకున్నారా?"

"చూడనీవే. తాత కష్టపడుతున్నాడని తెలియాలిగా!"

పదో నెలలో పిల్ల కుర్చీ పట్టుకుని లేచి నిలబడింది. ఆ వారంలోనే ఒక అద్భుతం జరిగింది. డీలరు గడువు పెట్టాడు, నడక సంగతి తర్వాత చూసుకోవచ్చు, ముందు కొనేద్దామని స్టూడియో అడ్మిన్ అకస్మాత్తుగా పోల్ పెట్టాడు. పదకొండు మంది నలుపు రంగు మూడో మోడల్‌కి ఓటేశారు. పదకొండు మంది! ఒక్క ఓటు రావాలి.

ఆ ఓటు నాది. బాబాయి మా గుమ్మం ముందు నిలబడ్డాడు. నేను ఫోను చేతిలోకి తీసుకున్నాను. ముప్ఫై ఏళ్ళ వృత్తి ధర్మం అడ్డం వచ్చింది. రెండు పక్షాలూ వినకుండా నేను ఎప్పుడూ ఏదీ ఖాయం చేయలేదు. మూడో మోడల్‌కి వ్యతిరేకంగా ఎవరూ మాట్లాడనేలేదు! 'ఇంకోసారి ఆలోచిద్దాం' అని రాశాను. డీలరు ఇచ్చిన గడువు ఆ సాయంత్రంతో అయిపోయింది. మళ్ళీ ఓటింగు ఎప్పుడో, అందరికీ తొమ్మిది మార్కులు వచ్చినప్పుడే.

"మంచిదే రిపోర్టరూ, తొందరెందుకు" అన్నాడు బాబాయి. ఆయన మర్యాదస్థుడు.

ఇంక చివరి ఆదివారం సంగతి. పిల్లకి పదమూడు నెలలు.

ఆ ఉదయం బాబాయి ఫోనుని ఎప్పటిలాగే అలమారలో రెండు డబ్బాల మధ్య నిలబెట్టాడు. బటన్ నొక్కి, కుక్కర్ ఎత్తుకుని, అవతలి గోడ వైపు నడిచాడు. తిరిగి వచ్చి బటన్ నొక్కి, వీడియోని గ్రూపులో పెట్టాడు. చూసుకోలేదు. తన నడక తను చూసుకోవడం ఆయనకి సిగ్గు.

ఆరు మార్కులు వచ్చాయి. 'ఎడమ మోకాలు వంగలేదు' అని డ్రిల్లు మాస్టారు. 'కుక్కర్ కుడికి ఒరిగింది' అని పళ్ళ డాక్టరు. దాని కింద ఇంకొకరు ఇలా రాశారు: 'వెనకాల ఏదో కదులుతోంది. దృష్టి అటు పోతోంది. అది లేకుండా మళ్ళీ తీసి పెట్టండి.'

బాబాయి మేడ మీదికి కేక వేశాడు. "అమ్మాయ్, దీన్ని కాసేపు పైకి తీసుకెళ్ళవే. అడ్డొస్తోందట!"

కూతురు దిగి వచ్చి, నేల మీద కూర్చుని ఉన్న పిల్లని ఎత్తుకెళ్ళింది. బాబాయి మళ్ళీ నడిచాడు. ఈసారి తొమ్మిది మార్కులు. పదకొండు నెలల్లో గ్రూపులో ఎవరికైనా తొమ్మిది రావడం అదే మొదలు. ఆయన ఫోను పట్టుకుని వంటింట్లోకి పరిగెత్తాడు.

"చూడవే, తొమ్మిది! పొద్దున ఆరే. ఈ రెండూ పక్కపక్కన చూస్తే నీకే తెలుస్తుంది తేడా."

పిన్ని చెయ్యి తుడుచుకుని, మొదటి వీడియో చూసింది. మళ్ళీ చూసింది. రెండోది అసలు చూడలేదు.

"ఈ ఆరు మార్కులు ఎవరికి?" అంది.

"నాకే. ఎవరికేమిటి?"

ఆవిడ వీడియో ఆపి, వేలు పెట్టి చూపించింది. బొమ్మలో బాబాయి వీపు ఉంది. ఆ వీపు వెనక రెండు అడుగుల దూరంలో మనవరాలు నిలబడి ఉంది. మోకాళ్ళు వంచింది. రెండు చేతులతో ప్లాస్టిక్ గిన్నె పట్టుకుంది. మడమ ముందు ఆనించి, మెల్లిగా మునివేళ్ళ దాకా దించి నడిచింది. తొమ్మిది అడుగులు. తర్వాత గిన్నె పక్కన పెట్టి కూర్చుంది.

వీడియోలో ఒక్క కుదుపు లేదు. ఫోను డబ్బాల మధ్య ఉంది కదా.

బాబాయి దాన్ని ఎన్నిసార్లు చూశాడో పిన్ని చెప్పలేదు. "ఒక్కసారి వెనక్కి తిరిగి ఉంటే" అన్నాడట. "తిరిగితే నీళ్ళు ఒలుకుతాయిగా" అన్నదట పిన్ని. ఆవిడ ఆ మాట కూడా గొంతు పెంచకుండానే అని ఉంటుంది.

ఆ సాయంత్రం బాబాయి మూడు గ్రూపుల్లోంచీ వెళ్ళిపోయాడు. కారణం రాయలేదు. తొమ్మిది మార్కులు వచ్చాక మనిషికి పొగరొస్తుందని డ్రిల్లు మాస్టారు అన్నాడు. ఆయన స్థానంలో కొత్తవాళ్ళని తీసుకోవాలా వద్దా అని స్టూడియో అడ్మిన్ పోల్ పెట్టాడు.

మొన్న తాతా మనవరాలూ వీధిలో ఎదురయ్యారు. ఇద్దరూ మోకాళ్ళు వంచి, మడమలు ఆనించి నడుస్తున్నారు. పిల్ల ఆయన కుడి చేతి వేలు పట్టుకుని ఉంది. వణుకుతోందో లేదో తెలియలేదు. కెమెరా ఏదని అడిగాను.

"చెయ్యి ఖాళీ లేదు రిపోర్టరూ" అన్నాడు. ఆగలేదు.

వెనకాల ఏదో కదులుతోందని ఆ రోజు రాసింది ఎవరని మీరు అడగొచ్చు. నేనే. పదకొండు నెలల్లో ఆ వీడియోలన్నిటిలోనూ కదిలిన దాన్ని కనిపెట్టినవాణ్ణి నేనొక్కణ్ణే. రిపోర్టర్ కన్ను అంటే అది! ఏం కదిలిందో చూడ్డం ఒక్కటే తక్కువైంది.

పోల్ ఫలితం వచ్చింది. పది మంది కొత్త సభ్యుణ్ణి తీసుకుందామన్నారు. ఒకరు ఇంకోసారి ఆలోచిద్దామన్నారు. ఆ ఒకరు నేనే; నిన్న నేనూ మనసు మార్చుకున్నాను.

కాబట్టి గ్రూపులో ఒక ఖాళీ ఉంది. మీ ఇంట్లో ఇప్పుడిప్పుడే బోర్లా పడే పిల్లలుంటే తప్పకుండా చేరండి. కుక్కర్ మాత్రం మీరే తెచ్చుకోవాలి.