రేసు ఇంజనుకు గాలిమార్పు

...అయినా నాగరికత అంటే ఇంతే, ఎవరు ఏ గాలి పీల్చాలో ఫారం నింపి నిర్ణయించడం, అనుకున్నాడు ఉపేందర్. గోదావరిఖనిలో ఒక శిక్షణ కేంద్రానికి అతను గుమాస్తా. ముందున్న ఫైలు ఒక ఇంజనుది. ఒక్కరే కూర్చునే రేసు కారు కోసం విదేశంలో తయారైంది. పాఠాలు చెప్పడానికి మొన్ననే తెప్పించారు. దానికి టర్బో లేదు. గాలిని ఎవరూ నెట్టి ఇవ్వరు, తనంతట తానే పీల్చుకోవాలి. (ఖనిలో అందరిదీ అదే పరిస్థితి కనుక ఎవరూ ఆశ్చర్యపోలేదు.)

మూడో రోజే ఇంజను దగ్గింది. ఫిల్టరు విప్పితే నల్లగా ఉంది. గంటలోపు యంత్ర శ్వాస సంరక్షణ కమిటీ సమావేశమైంది. ఇక్కడి గాలి ఇంజనుకు ప్రాణాంతకమనీ, బొగ్గు దుమ్ము చేరని గుట్టమీది గెస్ట్‌హౌస్‌కు దాన్ని తక్షణం తరలించాలనీ తీర్మానించింది. అధ్యక్షుడు రాయమల్లు సారు పచ్చ సిరాతో సంతకం చేశాడు.

అదే పచ్చ సంతకం ఉపేందర్ సొరుగులో మరో కాగితం మీదా ఉంది. తల్లి లస్మవ్వకు ఆయాసం, బొగ్గు జల్లెడపట్టే చోటు పక్కన నలభై ఏళ్లుగా ఉంటున్న క్వార్టరు మార్చండి అని అతను పెట్టుకున్న మూడో అర్జీ అది. ‘గాలి సంతృప్తికరం. తిరస్కరించడమైనది.’

ఫైలు పట్టుకుని సారు గదిలోకి వెళ్లాడు.

"గాలి ఒక్కటే గద సార్? ఇంజనుకు పడనిది మా అవ్వకెట్ల పడ్తది?"

"ఇంజను బయటినుంచి వచ్చింది ఉపేందర్. అవ్వ ఈడిదే గద, అలవాటైతది."

"డెబ్బై ఒకటి నిండినయి సార్. ఇంకెప్పుడు అలవాటైతది? నాలుగు మెట్లెక్కితే కూలవడుతున్నది."

"ఫికర్ చెయ్యకు. ముందు ఇంజన్ని జల్ది పంపు. అవ్వ సంగతి తర్వాత చూద్దాం."

ఉపేందర్‌కు కోపం రాలేదు. తన లోపల కూడా ఒక ఆఫీసు ఉందనీ, కోపం ఫైలు అక్కడ ఎవరి బల్లమీదో ఆగిపోయిందనీ అనిపించింది. ఇనుప ముక్క మీద అసూయపడుతున్నానా? పడుతున్నాడు. అది మాత్రం ఏ అనుమతీ లేకుండానే వచ్చింది.

బల్ల దగ్గరికొచ్చి తరలింపు ఫారం నింపసాగాడు. చివర ‘యంత్రంతోపాటు నివసించు హెల్పరు’ అని ఒక గడి. ఇక్కడ హెల్పరు లేకుండా ఏ యంత్రమూ కదలకూడదు. (దాని కారులో ఒక్క సీటే ఉన్నా సరే.)

పేరు: లస్మవ్వ, అని రాశాడు. వయసు: డెబ్బై ఒకటి.

‘అనుభవం’ గడి కూడా నింపాడు: నలభై ఏళ్లు, ఫిల్టరు లేకుండా.