ఎక్స్‌రే కవరులో విశ్వపతి

గురువారం ఉదయం ఏడు గంటల నలభై నిమిషాలకు బందరులో సన్నని తుంపర పడుతోంది. గాలి సముద్రం వైపు నుంచి వీస్తోంది. ఆ సమయాన కొండలరావు అనే విశ్రాంత గుమాస్తా, పెన్షన్ పని ఉందని భార్యకు చెప్పి, గుడివాడ బస్సెక్కాడు. అసలు కారణం వేరు. క్రిందటి నెలలో ఆయన చూసుకోకుండా ఒక ఎల్పీ రికార్డు మీద కూర్చున్నాడు.

అది విశ్వపతి లలితగీతాల రికార్డు. యాభైలలో ఆ మెత్తని గొంతు ఇంటింటా రేడియో చుట్టూ జనాన్ని కూర్చోబెట్టింది. దాన్ని ఆయన భార్య మాణిక్యమ్మకు ఆమె తండ్రి ఇచ్చాడు. ఏడాదికొకసారి, తండ్రి పుట్టినరోజున మాత్రమే ఆమె దాన్ని బయటికి తీస్తుంది. ఆ పుట్టినరోజు ఈ ఆదివారమే. ప్రస్తుతం అలమరలో ఉన్నది ఖాళీ అట్ట. రికార్డు రెండు ముక్కలై బియ్యం డ్రమ్ము వెనుక ఉంది.

గుడివాడలో పాతసామాన్ల ముజీబ్ దుకాణంలో అదే రికార్డు దొరికింది. దాని అట్టను చెదలు తినేశాయి. బయట వాన పెరిగింది. ముజీబ్ ఆలోచించి, తన తల్లి ఎక్స్‌రే ఉన్న పెద్ద కవరును ఖాళీ చేశాడు.

"ఇందులో అయితే తడవదండీ, వంగదు కూడా."

కవరు మీద 'గుండె, ఊపిరితిత్తుల పరీక్షా కేంద్రం' అని బెత్తెడేసి అక్షరాలున్నాయి. అలాంటి కవరు పట్టుకున్న మనిషిని పలకరించకుండా వదిలే బస్సు ఆ దారిలో నడవదు. పైగా తిరుగు బస్సులో ప్రక్క సీటులో ఉన్నది మాణిక్యమ్మ పినతల్లి కూతురు జానకి.

"ఏంటి బావగారూ, ఆ కవరు?"

"ఏం లేదమ్మా."

"అక్కయ్యకి తెలుసా?"

"తెలియకూడదు. ఆదివారం దాటితే చాలు."

"దాటితే?"

"ఇంక భయం లేదు. అంతా ప్రశాంతం."

జానకి పెడనలో దిగుతూ కొంగుతో కళ్ళద్దుకుని, ఫోను తీసింది. కంట్లో నలుసు పడిందేమో అనుకున్నాడాయన.

పెడన దాటాక బస్సు వానకు గంటన్నర ఆగింది. మధ్యాహ్నం ఆయన ఇల్లు చేరేసరికి గుమ్మం ముందు పదకొండు జతల చెప్పులున్నాయి. లోపల కొబ్బరిబోండాలు, రొట్టెలు, బత్తాయిలు. బావమరిది సాయిబాబు చేపల చెరువు వదిలి, బంటుమిల్లి నుంచి సీసాడు కషాయంతో వచ్చాడు.

"బావా, చెరువు అమ్మైనా సరే, నిన్ను బాగుచేయిస్తా!"

"నాకేం జబ్బురా? ఇది రికార్డు!" అని కొండలరావు కవరులోంచి దాన్ని తీసి చూపించాడు.

సాయిబాబు అక్క చెవి దగ్గరకు వంగాడు. "చూశావా ఎంత ముందుచూపో. ఎక్స్‌రే ఎక్కడో దాచేసి, దీన్ని పెట్టుకొచ్చాడు."

మాణిక్యమ్మ బావురుమంది. "నలభై నాలుగేళ్ళలో మూర మల్లెపూలు తేని మనిషండీ! ఇవాళ వానలో గుడివాడ వెళ్ళి నాకు పాటలు తెచ్చారంటే, ఇంకేం మిగిలింది? అందులోనూ ఇంట్లో ఉన్నదే మళ్ళీ కొన్నారు. మతి కూడా తప్పుతోంది!"

నెల రోజులుగా ఏ నేరాన్ని దాచడానికి ఆయన నిద్ర చెడగొట్టుకున్నాడో, ఇప్పుడు దాన్నే రుజువు చేసుకోవలసి వచ్చింది.

"ఇంట్లో లేదే! విరగ్గొట్టాను!"

"ఆయన్ని పడుకోబెట్టండి," అంది మాణిక్యమ్మ.

సాయిబాబు ఆయన రెక్క పట్టుకుని మంచం మీద కూలేసి, ఒక గ్లాసు కషాయం తాగించాడు. కొండలరావు ఎలాగో విడిపించుకుని, డ్రమ్ము వెనుక నుంచి ముక్కలు తెచ్చి అందరి ముందు నేల మీద పరిచాడు. మాణిక్యమ్మ వాటిని కలిపి చూసింది. అంచులు సరిగ్గా అతికాయి.

"ఎలా విరిగింది?"

"కూర్చున్నాను."

"నిజంగా కూర్చున్నారా?"

"నీ మీద ఒట్టు."

ఆమె ముఖం వెలిగిపోయింది. "కూర్చున్నారటే జానకీ! మా ఆయనకేం లేదు, కూర్చున్నారంతే!" అని ఫోనులో చెల్లెలికి చెప్పి, వచ్చినవారికి బత్తాయిలు పంచింది. పంచుతూ పంచుతూ ఆరో బత్తాయి దగ్గర ఆగి, భర్త వైపు తిరిగింది.

"మా నాన్న ఇచ్చిన రికార్డు మీదా?"

పదకొండు జతల చెప్పులు రెండు నిమిషాలలో గుమ్మం ఖాళీ చేశాయి. ఆదివారం విశ్వపతి పాడాడు. మాణిక్యమ్మ మాత్రం భర్తతో బుధవారం దాకా మాట్లాడలేదు.

ఇది జరిగి ఆరేళ్ళయింది. ఈ ఆరేళ్ళలో కొండలరావుకు జలుబైనా చేయలేదు. బంటుమిల్లిలో ఆ కషాయాన్ని ఇప్పుడు గుండెజబ్బులకు ఇస్తున్నారు.