టెంపరరీ అక్క సెలవు

మనిషి కనిపెట్టిన మాటలన్నిటిలోకీ గట్టిది ‘తాత్కాలికం’. దాన్ని ఒకసారి దేనికైనా అంటించామంటే ఇక ఊడదు. మా ఆఫీసు ఈ రేకుల షెడ్డులోకి తాత్కాలికంగా వచ్చింది. కప్పు కారుతున్న చోట తాత్కాలికంగా పెట్టిన బకెట్టుకు ఇప్పుడు ఆస్తుల జాబితాలో నంబరుంది. (దాని అడుగు చిల్లుపడితే కింద ఇంకోటి పెట్టాం. అదీ తాత్కాలికమే.)

మా దగ్గర శాశ్వతమైన వాళ్లు అధికారులు. కుర్చీ ఎత్తు సవరించుకునే లోపే వాళ్లకు బదిలీ కాగితం వస్తుంది. వచ్చిన ప్రతి పెద్దసారుకూ ఏ ఫైలు ఎక్కడుందో చూపించేది టెంపరరీ అక్క. బయటి నుంచి వచ్చిన కాగితాల మీద ముద్ర వేయడానికి, సరైన మనిషి దొరికేదాకా అని చెప్పి ఆమెను పెట్టుకున్నారు. అప్పటికి ఆమె కూతురు ఇంకా బడికి పోవడం లేదు. ఆ కూతురికి పెళ్లయి, నెలలు నిండుతున్నప్పుడు అక్క తొలిసారి సెలవు అడిగింది.

“పురుడు సార్. తొలిచూలు. నేను పక్కన లేకపోతే పిల్ల బెంబేలెత్తిపోతుంది. ఓ నెల ఇప్పించండి చాలు.”

“దానికేం భాగ్యమమ్మా!” అన్నారు అప్పటి పెద్దసారు. “కాకపోతే టెంపరరీ వాళ్లకి సెలవు లేదు. రాకపోతే ఉద్యోగం ఆ రోజుతో సరి. నిన్ను పర్మనెంట్ చేసేస్తే ఏ గొడవా ఉండదు.”

పర్మనెంట్ చేయాలంటే అక్క ఏ రకం తాత్కాలికమో ముందు తేలాలి. అందుకో కమిటీ వేశారు. నిబంధనల ప్రకారం ఒక్క పూటకు పెట్టుకున్నది క్షణికం. పని ఉన్నన్నాళ్లు ఉండేది తాత్కాలికం. పనీ మనిషీ రెండూ ఉంటాయో ఊడతాయో తెలియనిది అశాశ్వతం. ‘ప్రస్తుతానికి’ అనేదాన్ని వేటిలో కలపాలో పైవాళ్లు ఇంకా ఆలోచిస్తున్నారు. ఒక సభ్యుడు అక్క క్షణికమే అన్నాడు. ఇంకొకాయన, మనిషి బతుకే అశాశ్వతమైనప్పుడు ఈమె గొప్పేమిటని నిలదీశాడు. (తన ఇంక్రిమెంటు ఆలస్యమైతే మాత్రం ఆయనకు ఈ వేదాంతం గుర్తుండదు.) సంగతి తేలకుండానే అందరికీ బదిలీలయ్యాయి.

అక్క కూతురు ఆడపిల్లను కన్నది. ఆ మధ్యాహ్నం అక్క ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని ముద్రలు వేస్తూనే ఉంది. “ఏడవకే తల్లీ, సారు సంతకం పెట్టగానే వచ్చేస్తా.” నేను పర్మనెంటును, లేచి కమిటీని కడిగేసేవాణ్ణే. కమిటీ లేదు.

ఎట్టకేలకు ఇప్పటి పెద్దసారు ఆ ఫైలు తెరిచారు. మంచి మనిషి. పాత కమిటీ సంగతి పక్కన పెట్టి, ప్రత్యేక కేసుగా సెలవు ఇచ్చేద్దామన్నారు. పురిటితో సంబంధమున్నవాళ్లు స్వయంగా రావాలని నిబంధన ఉంది కాబట్టి అక్క కూతురు వచ్చింది. వెంట మనవరాలు, యూనిఫాంలో, భుజాన బడి సంచితో.

పెద్దసారు కళ్లజోడు సర్దుకుని పాపను పైనుంచి కిందికి చూశారు. “చిక్కొచ్చిపడిందమ్మా. సెలవు పురిటికని అడిగావు. ఇప్పుడు కారణం మారిస్తే ఫైలు మళ్లీ మొదటి నుంచి కదలాలి.”

“అమ్మో, మార్చకండి సార్!” అక్క ఫైలు మీద చెయ్యి అడ్డం పెట్టింది. “దీంతో నాలుగు రోజులుండనివ్వండి. ఒక్కసారన్నా చెయ్యి పట్టుకుని బడికి తీసుకెళ్లాలనుంది.”

పెద్దసారు కరిగిపోయారు. కాగితం, పెన్ను పాప ముందుకు జరిపారు.

“ఏం లేదు తల్లీ, నువ్వింకా పుట్టలేదని రాసిచ్చెయ్. మిగతాది నేను చూసుకుంటా.”

పాప అమ్మ వంక చూసింది, అమ్మమ్మ వంక చూసింది. పెదవి కొరుక్కుంటూ గుండ్రటి అక్షరాలతో రాసి, కింద సంతకం పెట్టింది. పెద్దసారు ఆ సాయంత్రమే ఫైలు పైకి పంపారు.

నిన్న తిరిగొచ్చింది. పుట్టనివాళ్ల సంతకం చెల్లదట. పుట్టాక పెట్టించి పంపమన్నారు.