కాలనీలో కార్టూన్ బంద్

ఆ రెండో శనివారం శాంతకుమారి టీచరు వేసుకున్న పథకం చిన్నదే. మధ్యాహ్నం లోపు కొడుకు జితేందర్ చేత భిన్నాల లెక్కలు చేయించాలి. పరీక్షలు నెత్తి మీదికి వచ్చినా వాడికి టీవీలో ఆ కార్టూనే లోకం. ముగ్గురు పిల్లలు రోజుకో పన్నాగంతో వీధి పిల్లల్ని బురిడీ కొట్టించబోయి, తామే బోల్తా పడటం అందులో కథ. టీచరు కొడుక్కే లెక్కలు రాకపోతే మిర్యాలగూడలో ఆమె తలెత్తుకు తిరిగేదెట్లా? అందుకే ముందురోజే కేబుల్ వెంకటేశాన్ని కలిసి, ఆ చానల్ ఆపమని గుట్టుగా అడిగింది.

"ఒక్క మీ ఇంటికే బంద్ చేసుడు కాదు టీచరమ్మా. తీస్తే కాలనీ మొత్తానికి పోతది."

"మొత్తానికే తియ్యి. గని నా పేరు బయటికి రావద్దు."

పొద్దున్నే టీవీలో చుక్కలు కనబడేసరికి పిల్లలంతా వీధిన పడ్డారు. చూడటానికి కార్టూన్ లేకపోతే ఏం, తామే కార్టూన్ అయిపోయారు. రైస్‌మిల్లు వెనక కుప్పలోంచి ఊకను బస్తాలకెత్తి తెచ్చి సందు నిండా పోశారు. అది సముద్రమట, ఒక్కసారి దూకితే ఒక చాక్లెట్ అట. వసూళ్ల పెత్తనం జితేందర్‌ది. ఇంతలో గాలి లేచింది. ఎదురింటి దుర్గయ్య అప్పుడే రంగు వేయించిన గేటుకు గడ్డం మొలిచింది. ఉడుకుతున్న పప్పుల్లోనూ ఊకే. చివరికి నీళ్ల ట్యాంకర్ సందులోకి రాలేక వెనక్కి పోయింది. దాంతో కాలనీ కాలనీ అంతా బిందెలతో సహా రోడ్డెక్కింది.

తప్పంతా పిల్లల్ని వీధిలోకి తోలిన కేబులోడిదేనని తేల్చారు. నిలదీయడానికి చదువుకున్న మనిషి కావాలి కనుక శాంతకుమారినే ముందు నడవమన్నారు. దొంగ చేతికే తాళాలిచ్చినట్టయింది. ఆమెకు పై ప్రాణాలు పైనే పోయాయి. చానల్ వస్తే చాలు, పేర్లు మనకెందుకని దుర్గయ్య దారి పొడుగునా అంటుంటే ఆ మాట ఆమెకు అమృతంలా వినిపించింది.

కానీ ఐలమ్మ ఊరుకోలేదు. మనవడి పక్కన కూర్చుని రోజూ ఆ కార్టూన్ చూసే ముసలమ్మ ఆమె. "బంద్ చేయమన్నదెవరో పేరు చెప్పు బిడ్డా. చెప్పేదాంక నేను కదల," అని కేబుల్ ఆఫీసు గడపలోనే చతికిలబడింది.

వెంకటేశం శాంతకుమారి వైపు చూశాడు. ఆమె కళ్లు మూసుకుంది.

"ఎవరి పేరని చెప్పాలె అవ్వా? నువ్వొక్కదానివి తప్ప, నీ ఎన్క నిలబడ్డోళ్లందరు ఒక్కొక్కరే వచ్చి అడిగినోళ్లే. పేరు మాత్రం చెప్పొద్దన్నరు."

దుర్గయ్య గోడ మీది ఫ్యాను స్విచ్చును శ్రద్ధగా పరిశీలించసాగాడు. మిగిలినవాళ్లు ఖాళీ బిందెల్లోకి తొంగి చూశారు. శాంతకుమారికి సిగ్గుకన్నా ముందు నవ్వొచ్చింది, హాయిగా ఊపిరి పీల్చుకుంది. సాయంత్రానికల్లా చానల్ వచ్చింది. ఊక ఎత్తింది మాత్రం పెద్దవాళ్లే.

ఈ పిల్లలకు ఇన్ని దొంగ బుద్ధులు ఎక్కడివని ఆ తర్వాత కాలనీలో ఎవరూ అడగలేదు.